నా మడమ మీద మా వదిన మొక్కు

మా తెనాలిలో నలభై దాటిన ఆడమనిషి పొద్దున్నే కాలవ కట్ట మీద పరుగెడుతుంటే ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే: "షుగర్ ఎంతుందండీ?" లేదంటే నమ్మరు, దాస్తున్నాననుకుంటారు. నాకు షుగర్ లేదు. ఉన్నదల్లా మారథాన్ పిచ్చి. నలభై రెండు కిలోమీటర్లు జన్మలో ఒక్కసారైనా పరుగెత్తాలని రెండేళ్ళుగా విశాఖపట్నం పోటీకి పేరిస్తున్నాను. పోటీకి నెల ముందు ఏదో ఒక అవయవం నాకు చెయ్యిస్తోంది. మొదటి ఏడు మోకాలు, రెండో ఏడు పిక్క. పోటీవాళ్ళిచ్చిన చొక్కాలు మాత్రం జాగ్రత్తగా ఇంటికొచ్చాయి. రెండిటినీ రాత్రిపూట పడుకునేటప్పుడు తొడుక్కుంటాను.

ఈ ఏడు మడమ వంతు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే చాలు, కింద ఎవరో మేకు నిలబెట్టి ఉంచినట్టుండేది. మా ఫిజియోథెరపిస్టుకి నా కూతురి వయసే గాని, నాతో మాట్లాడేటప్పుడు మాత్రం హెడ్‌మాస్టరు గొంతు పెడుతుంది. "నాలుగు రోజులు వరసగా, కాస్త పరుగు, కాస్త నడక, ఎక్కడైనా చదునైన దారిలో చెయ్యండి. నొప్పి పదికి నాలుగు దాటిందా, బండెక్కెయ్యండి. అయిదో రోజు పొద్దున మొదటి అడుగు ఎలా పడిందో నాకు ఫోన్ చెయ్యండి. బాగుంటే విశాఖ వెళ్ళండి. లేకపోతే ఈసారి చొక్కా కూడా తెచ్చుకోవద్దు" అంది. ఈ ఏడు కూడా కాకపోతే బూట్లు ఎవరికైనా ఇచ్చేసి, హాయిగా సీరియల్స్ చూసుకుంటూ కూర్చుంటానని నేను కూడా ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టు పెట్టుకున్న రాత్రి ఏడ్చాను కూడా. అంత ఆశ నాకు.

మా అన్నయ్య రైల్వే ఉద్యోగం వల్ల ఆమదాలవలసలో స్థిరపడ్డాడు. వదినది చీపురుపల్లి వైపు. శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ ఆవిడకి చుట్టాలు లేని ఊరు లేదు. అందుకని ఆమదాలవలస నుంచి పొందూరు, చీపురుపల్లి, నెల్లిమర్ల మీదుగా విజయనగరం దాకా వెళ్దామనుకున్నాం. నేను కాళ్ళ మీద. వదిన నీళ్ళు, ఐసు సంచీ, బట్టలు పెట్టుకుని స్కూటీ మీద. మా వదినకి నడకంటే గిట్టదు. వీధి చివర కొట్లో కరివేపాకు తేవాలన్నా స్కూటీ తీస్తుంది.

ఆమదాలవలస: రైలు అటుంది

స్టేషను రోడ్డు మీద పరుగు మొదలుపెట్టడం నా మొదటి తప్పు. ఆ ఊళ్ళో పరుగెత్తే మనిషంటే రైలు తప్పిపోతున్న మనిషి, ఇంకో అర్థం లేదు. ఇడ్లీబండి ఆవిడ గరిటె ఊపింది. "ఓలమ్మా, ఎందుకలా పరిగెడతన్నావు? పాసింజరింకా రానేదు!" ఒక ఆటో అబ్బాయి నా పక్కనే బండి నడుపుతూ, "ఎక్కమ్మా, డబ్బులొద్దు, రైలెక్కించే పూచీ నాది" అన్నాడు. వద్దన్నాను. "మరి స్టేషనటుంటే ఇటెల్తన్నావేటి?" అని భుజం పట్టుకుని వెనక్కి తిప్పబోయాడు. తెనాలిలో అయితే నేను రైలు కింద పడ్డా ఎవరూ ఇంతగా పట్టించుకోరు.

ఊరు దాటాక ఇంకో చిక్కు వచ్చింది. నా వేగానికి స్కూటీ నడపాలంటే వదిన కాళ్ళు నేలకి ఆనించి తోసుకుంటూ రావాలి. లారీ కనబడితే హారన్ కొట్టాలి. ముందు కుంటుతూ పరుగెడుతున్న నేను, వెనకాలే హారన్ కొడుతూ వదిన. చూసేవాళ్ళకి ఎలా ఉంటుందో మా ఇద్దరికీ తట్టలేదు. ఒక బియ్యం మిల్లు దగ్గర గొడుగు పట్టుకున్న ముసలాయన రోడ్డుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగమ్మా! ఎవులీ పిల్ల?" అని వదినని గద్దించాడు.

"మా ఆడపడుసండి."

"ఆడపడుసునా ఇలగ తరుముతన్నావు? ఇంట్లో గొడవలుంటే కూకుని మాటాడుకోవాల గాని, నడిరోడ్డు మీద బండెట్టి తరమడమేటి? సదువుకున్నోల్లు కారా?"

నేను కల్పించుకుని, "తాతగారూ, నేనే ఇష్టపడి పరుగెడుతున్నానండీ. పోటీ ఉంది, దానికి సాధన" అన్నాను.

"గెలిస్తే ఏటిస్తారు?"

"నేను గెలవనండీ."

"మరేటిస్తారు?"

"చొక్కా ఇస్తారు."

ఆయన వదిన వైపు తిరిగి, "ఈ పిల్లకి మతి కూడా పోగొట్టేసినావు" అన్నాడు. ఈలోగా నలుగురు ఆడవాళ్ళు చేరారు. ఒకావిడ కొంగుతో నా మొహం తుడిచి, వదినని కొరకొరా చూసింది. వదిన మొహం ఎర్రబడిపోయింది. ఉన్నట్టుండి గట్టిగా అరిచింది.

"మొక్కండీ, మొక్కు! మడం నొప్పి తగ్గాలని అమ్మోరికి మొక్కుకున్నాది! పరిగెట్టుకుంటా వస్తానని!"

ఒక్కసారిగా అందరి మొహాలూ మారిపోయాయి. ముసలాయన గొడుగు ముడిచాడు. "ముందే సెప్పొచ్చు గదమ్మా" అన్నాడు. నొప్పి తగ్గాలని నొప్పి కాలితోనే పరుగెత్తడం వాళ్ళకి ఎంతో సబబుగా తోచింది. మా ఫిజియోథెరపిస్టు చెప్పింది కూడా దాదాపు అదే కాబట్టి నేనూ నోరెత్తలేకపోయాను. మొహం తుడిచినావిడ లోపలికి పరుగెత్తి చెంబుతో పసుపునీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద పోసింది, బూట్లతో సహా. ఆ బూట్ల ఖరీదు మా ఆయనకి ఇంకా చెప్పలేదు.

పొందూరు: చిలకపచ్చ బూట్లు

మాకంటే ముందే ఆటోలు కబురు మోసుకెళ్ళాయి. పొందూరు దాకా ఏ ఊళ్ళో చూసినా చెంబులు పట్టుకుని ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. మా ఊళ్ళో మొక్కున్నవాళ్ళకి దారిస్తాం, మహా అయితే దణ్ణం పెడతాం. ఇక్కడ కాళ్ళు తడపకుండా వదలరు. బూట్లలో నీళ్ళు చేపల చెరువులా చప్పుడు చేస్తుంటే, మడమ సంగతి మర్చిపోయి, రెండు బొటనవేళ్ళకీ లేచిన బొబ్బల మీద పరుగెత్తాను.

పొందూరు పొలిమేరలో టీకొట్టు దగ్గర ఆగాం. ఉల్లి పకోడీలు వేడిగా దించుతున్నారు. నా నడుం బెల్టులో పరుగువాళ్ళు తినే జెల్ పొట్లాలు రెండున్నాయి, వాటి పక్కనే మా ఇంటి కారప్పొడి సీసా. పకోడీల మీద కారం చల్లుకుని తింటుంటే కొట్టాయన నన్ను జాలిగా చూశాడు. వదిన ఒక జెల్ పొట్లం చింపి నాకి, "ఇది దగ్గుమందు కదేటి?" అని నాకే ఇచ్చేసింది.

అప్పటికి నొప్పి నాలుగుకొచ్చింది. "బండెక్కుతానొదినా" అన్నాను. వదిన స్టాండు తీసింది. నేను కాలెత్తాను. టీకొట్టు మొత్తం లేచి నిలబడింది.

"అయ్యయ్యో! మొక్కు మద్దిలో బండెక్కుతావేటమ్మా? కళ్ళు పోతాయి!"

కాలు దించేశాను. వదిన మాత్రం ఎక్కొచ్చట, మొక్కు ఆవిడది కాదు గనక. ఆ అన్యాయం నేనింకా మర్చిపోలేదు.

అక్కడే పారమ్మని చూశాం. ఆవిడ ఎండుచేపల గంపతో ఆటోల్లో ఊరూరా తిరిగి అమ్ముకుంటుంది. ముక్కుకి రెండు వైపులా పుడకలు, గొంతు కంచుగంట. నన్ను పైనుంచి కింద దాకా చూసి, "ఏ తల్లికమ్మా?" అంది.

"నూకాలమ్మకి" అంది వదిన తడుముకోకుండా.

"మొక్కుకి జోళ్ళేసుకున్నాదేటి?"

"అమ్మే కల్లోకొచ్చి ఏసుకోమన్నాది."

పారమ్మ నా చిలకపచ్చ బూట్ల వైపు వంగి చూసి, "రంగు కూడా అమ్మే సెప్పినాదా?" అంది. వదిన దగ్గింది. పారమ్మ మరి తవ్వలేదు గాని, నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది. "మా కోడలు నాతో మాటాడి నెల్లాళ్ళయినాది తల్లీ. నాను కూరలో ఉప్పెక్కువయినాదన్నాను, అంతే. మాటాడించమని అమ్మకి సెప్పు." సరేనన్నాను. సరేననక ఏం చెయ్యను?

చీపురుపల్లి దారి: కాళ్ళతో చేసే పని

మర్నాడు దారంతా ధాన్యమే. కోతలయ్యాయి, సగం రోడ్డు మీద వడ్లు ఎండబోసి ఉన్నాయి. ఆడవాళ్ళు పాదాలు ఈడుస్తూ వడ్లలో నడుస్తుంటే నాగలి చాళ్ళలాంటి గీతలు పడి, అడుగునున్న గింజ పైకొస్తోంది. పారలూ పళ్ళపలకలూ లేవు, కాళ్ళే పనిముట్లు. పాదం ఎత్తకుండా, మడమ నొక్కకుండా, నేల మీద జారుస్తూ నడవాలి. మడమ నొప్పి వచ్చినప్పటి నుంచీ నేను వేస్తున్న అడుగు సరిగ్గా అదే. ఇన్నాళ్ళూ తెనాలిలో నన్ను చూసి నవ్వినవాళ్ళంతా గుర్తొచ్చారు.

"మొక్కుతో వచ్చినావు, మా వడ్లలో ఓ పాలి నడువమ్మా" అని ఒక రైతు అడిగాడు. బూట్లిప్పి దిగాను. ఎండకి కాగిన వడ్లు అరికాలికి హాయిగా తగిలాయి, నొప్పి ఒకటికి దిగింది. నా సంతోషం అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన వడ్లలో నడిస్తే పక్కాయన ఊరుకుంటాడా? ఆ ఊరి వడ్లన్నీ తిరగబెట్టి బయటపడేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. కాళ్ళకంటిన నూగు సాక్సుల్లో చేరి మూడు రోజులు గోక్కున్నాను.

వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరూ ఒక్కొక్క కోరిక అప్పజెప్పారు. వడ్లు ఇంటికి చేరేదాకా వాన పడకూడదు. పక్కింటి కుక్క రాత్రిళ్ళు మొరగకూడదు. ఒక కుర్రాడికి కానిస్టేబుల్ పరుగు పరీక్షలో కాలు పట్టెయ్యకూడదు. ఆ చివరిది చెప్పిన పిల్లాడి మొహం చూసి, తొడుక్కున్న బూటు మళ్ళీ విప్పాను. మడమకి చుట్టుకున్న సాగే కట్టు తీసి, ఎలా కట్టుకోవాలో వాడికి చూపించి, అక్కడే ఇచ్చేశాను.

చీపురుపల్లి: బెల్లం రాజ్యం

వదిన పిన్నిగారింట్లో బస. వెళ్ళగానే చోడి అంబలి, అంటే మన రాగి జావే, మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ. రాత్రికి ఆవపెట్టిన అరటికాయ కూర, పప్పు. పప్పులో బెల్లం. పులుసులో బెల్లం. చారు మాత్రమైనా మిగిలిందనుకుని నోట్లో పెట్టుకుంటే అందులోనూ బెల్లం. బల్ల కింద నుంచి కారప్పొడి సీసా తీసి చల్లుకుంటుంటే పిన్నిగారు చూసేశారు.

"అదేటమ్మా?"

"మందండీ" అన్నాను.

"మొక్కులో ఉండి మందేసుకుంటావేటి? అమ్మే సూసుకుంటాది" అని సీసా తీసి అటక మీద పెట్టేశారు. వదిన అబద్ధం నా విస్తట్లోకి కూడా వచ్చేసింది. ఆ పూట బెల్లం చారుతోనే కడుపు నింపుకున్నాను. రెండు ముద్దలు ఎక్కువే తిన్నానని ఒప్పుకోవాలి.

గరివిడి దాటాక: ఎండుచేపల వాసన

మూడో రోజు ఒక కూడలిలో ఎవరో ఏ తల్లికని అడిగితే వదిన "పైడితల్లికి" అంది. విజయనగరం దగ్గర పడుతోంది గదా, ఆ ఊరి అమ్మవారి పేరు చెప్పింది. వెనక నుంచి కంచుగంట మోగింది.

"మొన్న నూకాలమ్మన్నావు!"

పారమ్మ ఆటోలోంచి తొంగి చూస్తోంది. వదిన నాలిక కరుచుకుంది.

"అమ్మోర్లందరూ అప్పసెల్లెళ్ళే" అంది పారమ్మ తాపీగా. "ఎవులికి మొక్కినా ఇంకొకలు ఇంటారు. కాని నువ్వు అబద్దమాడినావని కూడా అందరికీ తెలుస్తాది." ఆటో వెళ్ళిపోయింది.

కాసేపటికే స్కూటీ టైరు పంక్చరయింది. వదిన చెమటలు కక్కుతూ బండి తోసుకుంటూ నడిచింది. పెళ్ళయిన తర్వాత ఆవిడ అంత దూరం నడవడం అదే మొదలట. "తెలిసిపోనాది భారతీ, అమ్మకి తెలిసిపోనాది" అని ఒకటే గొణుగుడు. మెకానిక్కు మేకు తీసి చూపించినా నమ్మలేదు. "మేకుని అక్కడెట్టిందెవులు?" అంది.

పంక్చరు వేయించుకుని బయల్దేరాం గాని, ఈలోపు నా నొప్పి అయిదు దాటింది. ఎవరూ లేని చోటు చూసి బండెక్కుదామంటే, ఎక్కడ చూసినా కళ్ళాల్లో జనం. నాకు ఒళ్ళు మండిపోయింది. నడిరోడ్డు మీద అరిచేశాను. "రెండేళ్ళొదినా! రెండేళ్ళు ఎదురు చూశాను. నీ మొక్కు వల్ల బండెక్కలేక, ఈ ఏడు కూడా నా మారథాన్ నెల్లిమర్ల రోడ్డులోనే పోయేట్టుంది!"

వదిన ఎప్పుడూ తిరిగి అరుస్తుంది. ఈసారి అరవలేదు. కళ్ళనిండా నీళ్ళు. "నాను నీకు మంచే సేద్దామనుకున్నాను. అందరూ నిన్ను పిచ్చిదానివంటంటే ఊరుకోలేకపోనాను" అంది. ఇద్దరం గట్టు మీద కూలబడ్డాం.

వెనక ఊళ్ళో చేపలమ్మకానికి ఆగిన ఆటో ఒకటి ఇప్పుడు మా ముందుకొచ్చి ఆగింది. మళ్ళీ పారమ్మే. నేనింక దాచలేదు. మొక్కూ లేదు, కలా లేదు, పరుగు పోటీ ఉంది, మడమ పాడైందని మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"అమ్మకీ కాళ్ళున్నాయి, నొప్పంటే తెలుస్తాది. బేగి ఎక్కు. నాను సూడనేదు" అంది.

సీటు ముందు నేల మీద కూర్చోబెట్టి, ముందు గంప అడ్డం పెట్టి, మీద గోనె కప్పింది. ప్రతి ఊళ్ళో "మొక్కులమ్మ ఎక్కడదాకా వచ్చినాది?" అని ఎవరో అడగడం, "యెనకాల వస్తన్నాది" అని పారమ్మ చెప్పడం నాకు వినిపిస్తూనే ఉంది. గోనె కింద ఎండుచేపల వాసనకి కళ్ళు తిరిగాయి. వెనకాల ఒంటరిగా వస్తున్న వదిన కాళ్ళ మీద కూడా ఎవరో అనుమానంతో పసుపునీళ్ళు పోశారట. నెల్లిమర్లలో దిగుతూ పారమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ వదల్లేదు.

"నీ మొక్కు అబద్దమయితే అవనీ. నా కోడలి సంగతి మటుకు సెప్పు. అది నిజిమే గదా."

విజయనగరం: మూడు లాంతర్ల దగ్గర

ఆఖరి రోజు దూరం తక్కువ. చంపావతి వంతెన దాటి, నొప్పి రెండు మీద ఉండగానే ఊళ్ళోకొచ్చాను. అసలు ప్రణాళికలో గుడి లేదు. వదిన అక్కగారింటికి వెళ్ళి భోంచేసి పడుకోవడమే. కాని అందరి కోరికలూ నెత్తిన ఉన్నాయి. వాటిని దింపకుండా భోజనం ఎలా సహిస్తుంది? నేరుగా మూడు లాంతర్ల కూడలిలో పైడితల్లి అమ్మవారి గుడికి వెళ్ళాం.

వరసలో నిలబడి గుర్తు చేసుకున్నాను. అమ్మవారి ముందుకి రాగానే కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. వడ్లు తడవకూడదు తల్లీ. కానిస్టేబుల్ అబ్బాయి కాలు పట్టెయ్యకూడదు. ఆ కుక్క. పారమ్మ కోడలు మాట్లాడాలి, ఉప్పు సంగతి మర్చిపోవాలి. వెనకున్నవాళ్ళు తోస్తున్నా, పూజారిగారు విసుక్కుంటున్నా, ఒక్కటీ వదలకుండా చెప్పాను. బయటికొచ్చి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను.

"నీ మడం సంగతి సెప్పినావా?" అంది వదిన.

చెప్పలేదు. గుర్తే రాలేదు.

వదిన నన్ను అక్కడే నిలబెట్టి, బయటికొచ్చే దారిలోంచే జనాన్ని తోసుకుని లోపలికి పోయింది. ఆవిడ గొంతు వీధిలోకి వినిపించింది. "తల్లీ, అబద్దాలాడింది నాను, ఈ పిల్ల కాదు. మా భారతి ఆ పరుగు ఆకరి దాకా పరిగెడితే, నాను ఆమదాలవలస నించి నీ గుడికి నడిసి వస్తాను. జోళ్ళు నేకుండా!"

బయటికొచ్చాక, "జోళ్ళ మాట ఎందుకొదినా?" అన్నాను.

"నోరు జారిపోనాది" అంది. మొహం పాలిపోయి ఉంది.

మర్నాడు పొద్దున మంచం అంచున చాలాసేపు కూర్చున్నాను. కాలు కింద పెట్టాలంటే భయం. తలుపు దగ్గర వదిన నిలబడి ఉంది, కాఫీ చల్లారిపోతున్నా ఇవ్వడం లేదు. పెట్టాను. మేకు లేదు. కాస్త బిగుతుగా ఉంది, అంతే. ఇంకో అడుగు వేశాను. ఫోన్లో మా ఫిజియోథెరపిస్టు, "నాలుగు దాటాక ఎక్కారు కదా బండి?" అంది. "ఎక్కాను" అన్నాను. ఎండుచేపలూ గోనే సంగతి చెప్పలేదు. "అయితే వెళ్ళండి" అంది. ఆ మాట విని పిల్లలా గెంతబోయి, మడమ గుర్తొచ్చి మానుకున్నాను.

విశాఖపట్నం: బీచి రోడ్డు

పోటీ గురించి గొప్పగా చెప్పడానికేమీ లేదు. నాకంటే ముందు అందరూ వెళ్ళిపోయారు. నా వెనక మాత్రం అలిసిపోయినవాళ్ళని ఎక్కించుకునే బస్సు, డ్రైవరు ఆవులిస్తూ, నా వేగానికే వచ్చింది. మధ్యలో రెండుసార్లు తలుపు తీసి రమ్మన్నాడు. రెండుసార్లూ తల అడ్డంగా ఊపాను. చివర్లో మడమ సలిపింది, మోకాలు మూలిగింది, పిక్క పట్టేసింది. పాత చుట్టాలందరూ వచ్చారు. నడిచాను, పరుగెత్తాను, వడ్లలో నడిచినట్టు కాళ్ళీడ్చాను. ఆఖరి గీత దగ్గరికొచ్చేసరికి గాలి నింపి నిలబెట్టిన తోరణానికి అప్పుడే గాలి తీసేస్తున్నారు. దాని కింద నుంచి తల వంచుకుని దూరాను. ఎవరో మెళ్ళో పతకం వేశారు. నాకు ఏడుపాగలేదు, అక్కడే కూర్చుని ఏడ్చాను.

తల ఎత్తి చూస్తే పక్కన వదిన. నాకంటే ఎక్కువ ఏడుస్తోంది, ఎక్కిళ్ళు పెట్టి. అంత ప్రేమ చూసి నా కడుపు నిండిపోయింది. రెండు చేతులూ పట్టుకుని, "ఏడవకొదినా, అయిపోయింది కదా" అన్నాను.

"నీకయిపోనాది" అంది వదిన. "నాకిప్పుడే మొదలయినాది."